వెనక్కి వెళ్లిన పలకలు

"ఆ మూడో పలక ఇవాళో రేపో ఎవరి కాలో విరగ్గొడుతుంది, చూస్తూ ఉండండి!"

చీపురు చంకన పెట్టుకునే అందామె. నాటకశాలలో అందరూ ఆమెను గండాలత్త అంటారు. ముప్పయ్యేళ్లుగా ఆ వేదిక ఊడవడం, వెనక తెర తాడు లాగడం, జరగని ప్రమాదాలకు ముందే గుండెలు బాదుకోవడం ఆమె పని.

"కొత్త చెక్క కొనే స్తోమత లేదత్తా," అన్నాడు మేనేజరు.

"కొత్తదెందుకు? తెర వెనక పలకలు కొత్తకోడళ్లలా నలక్కుండా ఉన్నాయి. వాటిని ముందుకు తెచ్చి, ఈ అరిగినవి వెనక వేయించండి. వెనక ఎవరు నడుస్తారు?"

వడ్రంగి పలకలు ఊడదీస్తుంటే, ఆమె రంపపుపొట్టు జల్లించి జిగురులో వేసి, ఇంట్లోంచి తెచ్చిన గరిటెతో డబ్బాలో ముద్దగా కలిపింది. మోకాళ్ల మీద పాకుతూ ముందుకు తెచ్చిన పలకల ప్రతి సందులోనూ ఆ ముద్ద కూరింది. పైకి లేచిన మేకుల్ని అరచేత్తో తడిమి వెతికి మరీ దిగ్గొట్టించింది. చెయ్యి రెండు చోట్ల చీరుకుపోయింది. సాయంత్రం ఆ పలకల మీద ఉత్తకాళ్లతో ఆడేది ఆమె కూతురు మరి.

"వెనక నడిచేది నువ్వేగా అత్తా? ఒక్కపూట ఆగు, కింద ఇంకో దూలం వేస్తాను," అన్నాడు వడ్రంగి.

"సాయంత్రం ఆటుంది. నాదేముందిరా, గాలేస్తే ఎగిరిపోయేదాన్ని!"

మూడేళ్ల కిందట పెద్ద నాటకబృందం కూతుర్ని పిలిస్తే, దారిలో బస్సు బోల్తా పడుతుందని ఆమె పంపలేదు. బస్సు నిక్షేపంగా వెళ్లొచ్చింది. అప్పట్నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నా కూతురు ఆమెతో మాట్లాడలేదు.

సాయంత్రం కూతురు వచ్చి పలకల మీద మడమ నొక్కి చూసుకుంది.

"కదులుతోందా తల్లీ?"

కూతురు పక్క పలక మీదికి జరిగింది.

"మేకేమైనా తగుల్తోందా?"

కూతురు జుట్టు ముడేసుకుని అటు తిరిగింది.

ఆట మధ్యలో వెనక తెర దిగాలి. దిగలేదు. చప్పట్ల హోరులో వెనక పలక విరిగిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. మేనేజరూ వడ్రంగీ వెళ్లి చూసేసరికి గండాలత్త కింద, మనిషెత్తు లోతున, దూలానికి తల ఆన్చి పడుకున్నట్టే ఉంది. ఊపిరి లేదు.

"వెనక ఎవరు నడుస్తారని ఆవిడే అంది," అని మేనేజరు అందరికీ చెప్పుకున్నాడు.

నాలుగో రోజున కూతురు ఖాళీ వేదిక మీదికి వచ్చింది. మధ్యలో నిలబడి మడమ నొక్కింది. తెర వైపు తిరిగి, "లేదమ్మా, కదలట్లేదు," అంది.

తెర పక్కన డబ్బాలో ముద్ద రాయైపోయింది. ఇంటి గరిటె అందులో నిలువునా బిగుసుకుపోయి ఉంది.