మెడ మీద మొదటి పూత

తమ్ముడి మెడ మీద చెమట తుడవబోతే, తువ్వాలుకు చెమటతో పాటు చర్మం కూడా అంటుకుని వచ్చింది.

గోదాము కప్పు మీద, కాలిపోతున్న రేకుల మధ్య వాడు గిలగిలా తన్నుకుంటున్నాడు. వాడి అక్కే ఆ రేకుల ముఠాకు మేస్త్రి. ఆమె నీళ్ల డబ్బా ఎత్తి ఆ మెడ మీద కుమ్మరించింది. నీళ్లు జిగటగా కారాయి. తాకితే ఆమె వేళ్లు చురుక్కుమన్నాయి. ఆ చురుకు ఆమె ఎరిగినదే. రేకులకంటిన గ్రీజు కడిగే కాస్టిక్ సోడా.

"ఎండ క్రీములో కలిపారక్కా!" అని అరిచాడు పొట్టి ఫిట్టరు.

వేసవిలో పనికెక్కే ముందు అందరూ వరసగా నిలబడి మెడలకు క్రీము పూయించుకోవడం ఆ ముఠా పద్ధతి. ఎవరి మెడ వాళ్లకు కనబడదు కదా! పూసే పని అందరికంటే కొత్తవాడిది. ఇవాళే చేరి, ఈల వేస్తూ తిరిగి ఈలగాడని పేరుపడ్డ కుర్రాడు చేతి తొడుగులైనా తీయకుండా అందరికీ పూశాడు.

"తొడుగులేసుకుని మరీ పూశావేంట్రా?" పొట్టి ఫిట్టరు సుత్తి పిడితో వాడి మూతి పగలగొట్టాడు. పన్నొకటి ఊడి రేకు మీద టక్కుమని పడింది.

"నాకేం తెలీదన్నా! ట్యూబు మీరేగా ఇచ్చింది!"

"తెలీకపోతే కిందికెళ్లి కనుక్కో!"

ఇద్దరు ఫిట్టర్లు వాడి కాళ్లు పట్టుకుని చూరు మీంచి తలకిందులుగా వేలాడదీశారు. నలభై అడుగుల కింద సిమెంటు నేల. మిగతావాళ్లు తమ్ముణ్ని తాళ్లతో కిందికి దించుతున్నారు. వాడి కేకలు వింటూంటే మేస్త్రికి ఒళ్లు తెలియలేదు.

"ఎవడు చేయించాడో చెబుతావా, పడేయమంటావా?"

"అక్కా, మీ తమ్ముడి పేరు కూడా నాకు తెలీదు! వరసలో ముందున్నాడని ముందు పూశాను, అంతే!"

ఆ మాటకు ఆమె ఆగిపోయింది. అదే ట్యూబుతో మిగతా అయిదుగురికీ పూశాడు. ఎవరి మెడా కాలలేదు. ట్యూబు తెప్పించి తన మణికట్టు మీద పిండుకుంది. చల్లగా ఉంది. అంటే సోడా ట్యూబు మూతిలోనే కూరారు. అది మొదటి పూతకే వస్తుంది. మొదటి పూత ఏ రోజైనా మేస్త్రిదే. ఇవాళ ఫోను మోగి ఆమె పక్కకు పోతే, తమ్ముడు ఆ చోట నిలబడ్డాడు. ఈ సంగతి పొద్దున చేరినవాడికి ఎలా తెలుస్తుంది?

"వాణ్ని పైకి లాగండి."

"అక్కా, వీడు..."

"లాగమన్నానా! వాడు చస్తే మీ ఇద్దర్నీ వాడి వెనకే తోస్తాను!"

ఈలగాడు కప్పు మీద బోర్లాపడి నెత్తురు కక్కుకున్నాడు. అంతలో కప్పు అవతలి కొసన తాళ్లు కట్టడానికి అందరికంటే ముందే ఎక్కిన ఆమె బాబాయి పడుతూ లేస్తూ వచ్చాడు. క్రీము పెట్టె తాళం ఆయన దగ్గరే ఉంటుంది; రోజూ ట్యూబు తీసిచ్చాకే పైకెక్కుతాడు. కింద తమ్ముణ్ని చూసి నెత్తి బాదుకున్నాడు.

"వాడెందుకు నిలబడ్డాడే నీ చోట్లో?"

ఎవరూ ఆయనకు ఇంకా ఏమీ చెప్పలేదు. మేస్త్రి ఒక్క ఊపున ఆయన మెడ పట్టుకుని, ముఖాన్ని రేకుకేసి అదిమింది. చెంప చుర్రుమంది. ఆయన పెనుగులాడలేదు.

"నొక్కమ్మా, ఇంకా నొక్కు. నేనే పెట్టాను. పోయిన ఎండాకాలం మీ పిన్ని కళ్లు తిరుగుతున్నాయంటే ఏమన్నావు? 'ఇంకో రెండు రేకులే పిన్నీ' అన్నావు. ఆ రెండు రేకుల మీదే పడింది. లేపబోతే వీపు చర్మం రేకుకే ఉండిపోయింది. మూడోనాడు పోయింది. తర్వాతైనా మిట్టమధ్యాహ్నం పని ఆపావా? ట్యూబు కొన్నావు! మెడకింత పూసి మళ్లీ ఆ ఎండలోకే తోలావు. నీ మెడ కాలితే నీకు తెలుస్తుందనుకున్నాను. కానీ వాణ్ని నా భుజాల మీద మోసి పెంచాను తల్లీ... ఈ చేత్తోనే సోడా నూరాను, ఈ చేత్తోనే కూరాను. వాడి మెడకు పూసింది ఆ కొత్తోడు కాదు, నేను."