తాయారు శుభ్రం

తాయారు జీడిపప్పు మీది పొట్టు గీకుతోంది. కడుపుతో ఉందని మేస్త్రీ ఆమెను జీడిపిక్కలు కొట్టే పని మాన్పించాడుగానీ, ఏళ్ల తరబడి పట్టిన జీడిసొన నలుపు వేళ్లను వదల్లేదు. ఆ వేళ్లంటే ఆమెకే రోత.

శుభ్రమంటే తాయారుదే శుభ్రం! రెండు కడుపులు పోయాక అత్త అంది: "ఒంట్లో మురికుంటే కడుపు నిలుస్తాదేటే?" అప్పట్నుంచి రోజూ గోరువెచ్చని నీళ్లలో ఇల్లు కడిగే మందు కలిపి, లోపలికంటా కడుక్కునేది. ఈ మూడో కడుపు వచ్చిన కొన్నాళ్లకు వాసన మొదలైంది. ఇంకాస్త మందు కలిపింది. భోగాపురంలో విమానాశ్రయం పనికెళ్లిన మొగుడు గిరిబాబు ఎప్పుడైనా వచ్చినా, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇలాంటివి ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పుకునే దిక్కేది?

"ఏటే, మొహం అలగున్నాది?" పక్కన కూర్చున్న జగ్గమ్మ అడిగింది.

"ఏటీ నేదప్పా."

ఆ మాట నోట్లో ఉండగానే చీర తడిసిపోయింది. ఆరో నెల ఇంకా నిండలేదు. జగ్గమ్మే ఆటో ఎక్కించి ఆస్పత్రిలో దించి, ఇంటికెళ్లి బట్టలు తెస్తానని పరుగెత్తింది.

డాక్టరు శైలజ అన్నీ మెల్లగా అడిగింది.

"సుబ్బరంగానే ఉన్నానమ్మా. రోజూ మందునీళ్లతో కడుక్కుంతన్నాను," అంది తాయారు, కాస్త గర్వంగానే.

శైలజ నిట్టూర్చింది. "అక్కడ మంచి సూక్ష్మజీవులు కాపలా ఉంటాయమ్మా, పెరుగులో ఉండేలాంటివి. మందు పోస్తే అవి చస్తాయి, చెడ్డవి పెరుగుతాయి. అందుకే ఆ వాసన. కొందరికి కడుపు నిలవదు, కొందరికి ఇలా ముందే ఉమ్మనీరు పోతుంది. నీకూ అందుకే అయిందని ఖాయంగా చెప్పలేను. వాసన వచ్చినప్పుడే వచ్చుంటే నయం చేసేవాళ్లం."

"అయితే నా బిడ్డకి కాపలా ఉన్నోల్ని నానే సంపుకున్నానా?"

శైలజ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

ఎండ తగ్గకముందే ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత పిల్ల. కాసేపు ఊపిరి తీసింది, తర్వాత మానేసింది. గిరిబాబుకు ఫోను చేస్తే "సర్లే" అని పెట్టేశాడు. తాయారుకు ఏడుపు కూడా రాలేదు. ఇంత పెద్ద వార్డులో తనొక్కతే ఉన్నట్టనిపించింది.

అప్పుడొచ్చింది జగ్గమ్మ, ఆయాసపడుతూ. మంచం పక్క ఖాళీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. బిడ్డ పుట్టకముందే ఏమీ కుట్టకూడదంటారని, తనే ఎవరికీ చెప్పకుండా కుట్టి దాచినదాన్ని ఎండలో వేసి తెచ్చింది. చేతిలోది స్టూలు మీద పెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

స్టూలు మీద మూరెడు బొంత, పాత నేతచీరలది, దండెం మీది ఎండకు ఇంకా వెచ్చగానే ఉంది.