అందరికీ నూట ఇరవై, ఎనభై

ఆ ఇంట్లో ఎవరికీ బీపీ లేదు. పరాయి దేశానికి మెడిసిన్ చదవడానికొచ్చి పై వాటాలో ఉండే ముగ్గురు అమ్మాయిలకూ లేదు, కింద వాటాలో ఉంటూ వాళ్లకు వండిపెట్టే తెలుగు ఇంటావిడ పెద్దమ్మకూ లేదు, పెద్దమ్మ భర్తకూ లేదు. ఎవరి చెయ్యి పట్టుకుని చూసినా నూట ఇరవై, ఎనభై. చూసేది చిన్నది. ముగ్గురిదీ మొదటి సంవత్సరమే అయినా ఆ అమ్మాయి అందరికంటే పొట్టి కాబట్టి చిన్నది అయింది. మిగిలిన ఇద్దరిలో ఒకరు పొడుగు, ఇంకొకరు నిద్రమొహం.

అసలు సంగతి ఏమిటంటే, చిన్నదానికి స్టెతస్కోపులో ఇంతవరకు ఏమీ వినపడలేదు.

చేతికి పట్టీ చుట్టాలి. రబ్బరు బుడ్డ నొక్కి గాలి ఎక్కించాలి. మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు ఆనించి, గాలిని మెల్లగా వదులుతూ వినాలి. టక్ టక్ అని మొదలైన చోట పై అంకె, ఆగిపోయిన చోట కింది అంకె. క్లాసులో మొదటిరోజు చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపుతూ అంకెలు రాసేసుకున్నారు. చిన్నదానికి తన గుటక చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. టీచరమ్మ వచ్చి "ఎంత?" అంది. పుస్తకంలో ఉన్న అంకె చెప్పేసింది. టీచరమ్మ టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోయింది.

అడిగి ఉండచ్చు కదా అంటే, అదీ అయింది. చేరిన కొత్తలో ఒక సందేహం అడిగితే ఆవిడకు చిన్నదాని ఇంగ్లీషు అర్థంకాక మళ్లీ మళ్లీ అడిగించింది. చివరికి చిన్నది సందేహమే మర్చిపోయింది. వెనక బెంచీ వాళ్లు నవ్వారు. అప్పట్నుంచి దేశం కాని దేశంలో తల ఊపడమే క్షేమం అనుకుంది.

పైగా తీరిక ఎక్కడ? పొద్దున్నే శవాల గది. ఆ మందు వాసన రెండుసార్లు తలంటుకున్నా వదలదు. నిలబడే మధ్యాహ్నం తిండి. సాయంత్రం ఒళ్లో పళ్లెం పెట్టుకుని, ముద్దకో ఎముక పేరు చొప్పున వల్లించడం. మంచం కింద ఎముకల పెట్టె. పెద్దమ్మ ఆ గదిలో అడుగు పెట్టేది కాదు. "ముగ్గురున్నారని చెప్పి అద్దెకు దిగారు. నాలుగోవాడు మంచం కింద ఉన్నాడని చెప్పలేదేమే?" అనేది గుమ్మం బయటినుంచే.

ఇంటి దగ్గర వాళ్లకు మాత్రం చిన్నది అప్పుడే డాక్టరు. బాబాయి వీడియో కాల్లో చొక్కా చెయ్యి మడిచి ఫోనుకు ఆనించి, "ఒకసారి చూడమ్మా, ఎంతుందో" అనేవాడు.

"ఫోన్లో తెలియదు బాబాయ్."

"ఇంత ఫీజు కట్టి ఫోన్లో కూడా తెలియకపోతే ఎలా?"

నవ్వేసి ఊరుకునేది. నవ్వు రాని విషయం వేరే ఉంది. శుక్రవారం ప్రాక్టికల్ పరీక్ష. అందులో తప్పితే ఏడాది చివరి పరీక్షకు కూర్చోనివ్వరు, మొదటి సంవత్సరం మళ్లీ చదవాలి. ఆ పరీక్షకు టీచరమ్మ రెండు జతల గొట్టాలున్న స్టెతస్కోపు తెస్తుందట. ఒక జత చదివేవాళ్ల చెవుల్లో, రెండోది ఆవిడ చెవుల్లో. వీళ్లు విన్నదే ఆవిడా వింటుంది. ఇక నూట ఇరవై, ఎనభై ఎవరిని కాపాడుతుంది?

ఆ ముందు ఆదివారం అన్నాలయ్యాక పెద్దమ్మ అలవాటుగా చెయ్యి చాపింది. చిన్నది అలవాటుగా అంకె చెప్పింది.

"చూశారా," అంది పెద్దమ్మ ముగ్గుర్నీ చూసి. "బీపీ మాత్ర మానేసినా చెక్కు చెదరలేదు. ఆ క్లినిక్ డాక్టరు ఊరికే మింగించాడు."

చిన్నది చటుక్కున తలెత్తింది. "ఎప్పుడు మానేశావు పెద్దమ్మా?"

"నువ్వు బాగుందన్నాక ఇంకెందుకని మానేశానే. ఉప్పు కూడా మామూలుగా వేసుకుంటున్నా. ఈ మధ్య తల కాస్త బరువుగా ఉంటోంది, నిద్ర చాలక."

చిన్నది పట్టీ విప్పి పక్కన పెట్టింది. తర్వాత ఒక్క ఊపున చెప్పేసింది. "నాకు ఏమీ వినపడదు పెద్దమ్మా. ఇన్నాళ్లూ పుస్తకంలో ఉన్నదే చెప్పాను."

పెద్దమ్మ చాపిన చెయ్యి అలాగే ఉంచి చూసింది. "ఏమీ అంటే?"

"ఏమీ."

"నేను మాట్లాడితే వీధి చివరిదాకా వినపడుతుందంటారు మా ఆయన. నా చెయ్యి మాత్రం నోరు మూసుకుందా?"

పొడుగు ముసిముసిగా నవ్వబోయి ఆగింది. ఆగాక నేల చూపులు చూసింది. "నాకూ వినపడదు," అంది. "నీకు వినపడుతోంది కదా అని నువ్వు చెప్పిందే నేనూ రాశాను."

"నేను నిన్ను చూసి రాశాను," అంది నిద్రమొహం.

పెద్దమ్మ లేచి పళ్లేలు ఎత్తింది. "బాగుంది. ముగ్గురు చెవిటివాళ్లను నమ్ముకుని నేను మాత్ర మానేశాను. రేపు మీ టీచరు దగ్గరికి పదండి. నేనూ వస్తా."

"నువ్వెందుకు పెద్దమ్మా?"

"చెయ్యి నాది కదే."

ఆ రాత్రే మాత్ర వేసుకోమని ముగ్గురూ బతిమాలారు. మానేసినదాన్ని మళ్లీ వేసుకోవాలో లేదో కూడా టీచరమ్మనే అడుగుతానంది పెద్దమ్మ.

సోమవారం ల్యాబులో టీచరమ్మ చిన్నది చెప్పిందంతా విన్నది. ఈసారి యాస అడ్డం రాలేదు, లేదా చిన్నది పట్టించుకోలేదు. ఆవిడ క్లాసు రికార్డులన్నీ ముందుకు లాక్కుని తిరగేసింది. నూట ఇరవై, ఎనభై. ఆ వెనకది కూడా. ఆ కిందిదీ అంతే. ఒక పొదుపరి మాత్రం నూట పద్దెనిమిది అని రాశాడు. ఆవిడ మొహం గంటు పెట్టుకుంది. ఎర్ర పెన్ను తీసి టిక్కులన్నీ కొట్టేసింది, చిన్నదానివి మొదట.

తర్వాత చిన్నదాని స్టెతస్కోపు చిన్నదాని చెవుల్లోనే పెట్టించి, చివరనున్న బిళ్ల మీద వేలితో తట్టమంది. తట్టింది. నిశ్శబ్దం. ఆవిడ ఆ బిళ్లను మెలితిప్పింది. క్లిక్కుమంది. మళ్లీ తట్టమంది. చిన్నది ఉలిక్కిపడింది, చెవిలో తలుపు కొట్టినట్టయింది. బిళ్లకు రెండు వైపులుంటాయి, ఒకటి తెరిస్తే రెండోది మూసుకుంటుంది. కొన్ననాటి నుంచి చిన్నది మూసిన వైపే ఆనిస్తోంది. పొడుగేమో చెవుల్లో గొట్టాలు వెనక్కి తిప్పి పెట్టుకుంటోంది. నిద్రమొహం మోచేతికి బయటివైపు వింటోంది.

"ఇంతేనా?" అంది పెద్దమ్మ తెలుగులో, ఎవరికీ కాకుండా.

చిన్నది పట్టీ చుట్టి గాలి ఎక్కించింది. వదులుతూంటే నూట అరవై ఎనిమిది దగ్గర టక్‌మంది. తర్వాత టక్ టక్ టక్, ఎవరో పక్కగదిలో నింపాదిగా మేకు కొడుతున్నట్టు. వంద దగ్గర ఆగింది. ఇంత ఎక్కువా అని భయం వేయాలి. వేసింది కూడా. కానీ ముందు కళ్లలో నీళ్లు తిరిగాయి. టీచరమ్మ తనూ చూసి, అదే అంకె చెప్పి, పెద్దమ్మతో ఏదో గట్టిగా అంది.

"ఏమంటుందే?"

"ఇవాళే మీ డాక్టరు దగ్గరికి వెళ్లమంటోంది. ఆయన చెప్పకుండా మాత్ర మానకూడదట. ఉప్పు తగ్గించమంటోంది."

"ఆ మాట ఆయనా చెప్పాడు," అంది పెద్దమ్మ చీర కొంగు సర్దుకుంటూ. కానీ అటునుంచి అటే క్లినిక్‌కు వెళ్లింది.

టిక్కులు పోయిన సంగతి మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసింది. వారమంతా క్లాసులో ఎవరూ చిన్నదాని పక్కన కూర్చోలేదు. పొడుగూ నిద్రమొహమూ మాత్రం చెరోవైపు కూర్చున్నారు, కాకపోతే వాళ్లూ అంత ఆనందంగా ఏమీ లేరు. ఇంట్లో కూరలు చప్పగా వచ్చాయి. ఎవరూ కిక్కురుమనలేదు.

శుక్రవారం టీచరమ్మ మొదట చిన్నదాన్నే పిలిచింది. చేతిని ఇవ్వడానికి ల్యాబు అటెండరు కూర్చున్నాడు, రాయిలాంటి మనిషినని అందరితో చెప్పుకునేవాడు. ఒక జత గొట్టాలు చిన్నదాని చెవుల్లో, ఒక జత ఆవిడ చెవుల్లో. బిళ్ల మీద ముందు తట్టి చూసుకుంది. గాలి ఎక్కించింది, వదిలింది.

"నూట ముప్పై ఆరు, ఎనభై నాలుగు."

టీచరమ్మ మొహంలో ఏమీ లేదు. "ఇతను ఆరోగ్యంగా ఉన్నాడే. బాగా విన్నావా?"

పుస్తకంలోని అంకె నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే తల ఊపినంత తేలిక.

"మళ్లీ వింటాను," అంది చిన్నది.

గాలి పూర్తిగా వదిలి, కాస్త ఆగి, మళ్లీ ఎక్కించింది. ఊపిరి బిగబట్టి వింది. "ఈసారి నూట ముప్పై నాలుగు. కిందిది మారలేదు. ఎనభై నాలుగే."

అటెండరు కళ్లు పెద్దవి చేసి, "నాకా?" అన్నాడు.

టీచరమ్మ రెండు అంకెలూ రాసి, పక్కన టిక్కు పెట్టి, "నువ్వు సాయంత్రం ఒకసారి నా దగ్గరికి రా," అంది అతనితో. తర్వాత చిన్నదాని వైపు తిరిగి, "వెళ్లి తర్వాతివాళ్లను పంపు," అంది.