వదిన పట్టుకున్న ఎండ

మా అన్నయ్యకి కొండల మీద వంతెన కట్టే పని దొరికినప్పుడు వదిన ఎదురు చెప్పలేదు. సముద్రపు ఒడ్డున, ఏడాది పొడవునా ఉక్కపోతలో పెరిగిన మనిషి. మూటాముల్లె సర్దుకుని, పెళ్ళికాని ఆడపడుచునైన నన్ను కూడా వెంటబెట్టుకుని బయల్దేరింది. మేము చేరేసరికి చలికాలం చివరికొచ్చింది. చలి భయపెట్టింది గానీ, అది ఒక తీరున ఉండేది. మందపాటి కోటు తొడుక్కుంటే రోజు గడిచిపోయేది. అసలు తంటా వసంతంతో మొదలైంది.

ఊళ్ళోని చిన్న ఆసుపత్రిలో లాండ్రీ బాధ్యత వదినకి ఇచ్చారు. చిరిగిన దుప్పట్లూ గౌన్లూ కుట్టే పని నాది. ఆ గది వెనక తలుపు తీస్తే ఇరుకు పెరడు, అడ్డంగా కట్టిన తీగలు, మీద పడుతున్నంత దగ్గరగా కొండ. ఆరబెట్టే మిషను ముసలిది. నడిస్తే నడిచేది, లేకపోతే మూలిగేది.

మంచు కరిగి మంచి ఎండ కాసిన తొలి రోజున వదిన దుప్పట్లన్నీ పెరట్లో ఆరేసింది. మేం భోజనానికి కూర్చున్నామో లేదో, రేకుల మీద గులకరాళ్ళు కుమ్మరించినట్టు చప్పుడైంది. వడగళ్ళు. పరిగెత్తి వెళ్ళేసరికి సగం దుప్పట్లు బురదలో ఉన్నాయి. మళ్ళీ ఉతికాం. మర్నాడు పొద్దున ఆరేస్తే అవి గడ్డకట్టి అట్టముక్కల్లా బిగుసుకుపోయాయి. ఒక గౌనైతే రెండు చేతులూ చాచి, కదలకుండా నిలబడింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని వదిన దాన్ని చాలాసేపు చూసి, నవ్వింది. చలికి తనకంటే అదే ధైర్యంగా నిలబడిందట.

ఆ రోజుల్లో ఆవిడ ముక్కు ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. కోటు విప్పితే తుమ్ములు, వేసుకుంటే చెమటలు. కోటుకి కిటికీలు పెట్టించనా అని అన్నయ్య ఆటపట్టించేవాడు. ఆయన జోకులకి నవ్వే ఓపిక కూడా లేని రోజులున్నాయి. అయినా పొద్దున లేవగానే వెనక తలుపు దగ్గర నిలబడి, కోటు చేయి పైకి లాక్కుని, గాలిని ఒంటికి తగలనిచ్చేది. ఏం చేస్తున్నావని అడిగితే, కొత్త కాపురానికి వచ్చినప్పుడు అత్తగారి మనసు ఇలాగే కనిపెట్టానంది.

కొన్నాళ్ళకి ఆవిడకి ఒక సంగతి పట్టుబడింది. తీగ మీది బట్టలు కొండవైపు ఊగితే, గాలి లోయలోంచి తడి మోసుకొస్తున్నట్టు. లోయవైపు ఊగితే, కొండ దిగి వచ్చే పొడిగాలి. ఆ గాలి వీస్తే దుప్పటి చూస్తుండగానే ఆరిపోయేది. మా సముద్రపు ఊళ్ళో పొద్దంతా వేలాడినా చెమ్మ వదలని బట్ట, ఇక్కడ కాగితంలా గలగలలాడేది. ఆ పొడిదనాన్ని చెంపకి ఆనించుకుని చూసేది వదిన. ఆ ముఖంలో అంత సంబరం నేను పండక్కి కూడా చూడలేదు.

ఒక ఉదయం, కరుగుతున్న మంచు బరువుకి కొండచరియ జారి రోడ్డు మీద పడింది. కరెంటు స్తంభాలు కూలాయి. ఆ చరియని తప్పించుకోబోయి ఒక బస్సు వాగులోకి ఒరిగింది. అదృష్టం కొద్దీ అందరూ బతికారు గానీ, మంచునీళ్ళలో తడిసి వణుకుతూ ఆసుపత్రికి చేరారు. ఉన్న జనరేటరు ఆపరేషను గదికే సరిపోయింది. హెడ్ నర్సు తనే లాండ్రీకి వచ్చింది.

"పొడి దుప్పట్లు అయిపోయాయి. సాయంత్రానికి ఏమైనా చేయగలరా?"

బయట ఆకాశం నల్లగా ఉంది. వదిన పెరట్లోకి వెళ్ళి, తీగకి ఒక తడిగుడ్డ తగిలించి చూసింది. అది మెల్లగా లోయవైపు తిరిగింది.

"ఉతుకుదాం," అంది.

"వదినా, ఆ మబ్బు చూడు."

"చూశానమ్మా. అది వెళ్ళిపోయే మబ్బు. కాస్త ఎండ దొరుకుతుంది, ఎంతసేపో మాత్రం చెప్పలేను."

చేతులు కొంకర్లు పోయే నీళ్ళలో ఉతికాం. పెరడు చాలక, వీధికి అడ్డంగా తాళ్ళు కట్టాం. ఎదురింటి వాళ్ళు బాల్కనీలు ఇచ్చారు. పనిలేక నిలిచిపోయిన వంతెన కూలీలతో అన్నయ్య కూడా వచ్చి, తడి దుప్పట్లని చెరో కొసా పట్టుకుని పిండించాడు. ఆఖరిది ఆరేస్తుండగా మబ్బు చీలి, ఎండ ఒక్కసారిగా వీధి నిండా పడింది. తెల్లటి దుప్పట్లన్నీ గాలికి ఉబ్బాయి. కళ్ళు చికిలించుకుని నిలబడిపోయాను. అంత వెలుగు మా ఊళ్ళో ఎన్నడూ చూడలేదు.

దుప్పట్లు కొండవైపు ఊగడం చూసి, ఎండ ఇంకా కాస్తుండగానే వదిన వాటిని తీసేయమంది. ఇంత మంచి ఎండని వదులుకోవడమా అని కొందరు గొణిగారు. ఆవిడ వాదించలేదు, తనే తీయడం మొదలుపెట్టింది. వీధి చివరి తాళ్ళ దగ్గరికి మేం చేరేలోపే వాన అందుకుంది. అక్కడివి తడిశాయి. బేకరీ ఆయన వాటిని పొయ్యి గదిలో వేలాడదీసుకోమన్నాడు. మిగతావన్నీ పొడిగా, వెచ్చగా వార్డుకి చేరాయి.

నేనూ వదినా కలిసి మంచాలు సర్దాం. బస్సులో వచ్చిన ఒక పెద్దావిడ వణకడం మాని, దుప్పటి ముక్కు దాకా లాక్కుని, "ఎండ వాసనేస్తోంది," అంది. వదిన దుప్పటి అంచు ఆవిడ పాదాల కింద గట్టిగా మడిచింది. పొద్దుట్నించి నీళ్ళలో నానిన ఆ చేతులు ముడతలు పడి, ఎర్రగా వాచి ఉన్నాయి. మా ఇంటికి ఎలాంటి మనిషి వచ్చిందో నాకు ఆ క్షణాన తెలిసింది.

మర్నాడు ఫోన్లు కలిశాయి. వదిన వాళ్ళమ్మ అక్కడ వాతావరణం ఎలా ఉందని కంగారుగా అడిగింది. వదిన ఫోను భుజానికి నొక్కుకుని, తీగ మీద క్లిప్పులు పెడుతూనే చెప్పింది.

"పొద్దున మంచు పడిందమ్మా. ఇప్పుడు ఎండ. ఇంకాసేపట్లో వానొచ్చేలా ఉంది. బాగుంది, నువ్వూ ఓసారి రా."