ఊద రాలకముందే

వరికీ ఊదకూ తేడా కళ్లకంటే ముందు వేళ్లకు తెలుస్తుంది. ఆకు కాండాన్ని పట్టుకునే చోట వరికి చిన్న నాలుకలాంటి పొర ఉంటుంది. ఊద అనే కలుపు గడ్డికి అదుండదు, నున్నగా జారిపోతుంది. దీవెనమ్మ ముప్పయ్యేళ్లుగా ఆ చోటు తడుముతూనే బతికింది. తన ఎకరా మడిలో ఒక్క ఊద దుబ్బు కూడా మిగల్చలేదు.

ఏం లాభం? పైన బయపురెడ్డి తొమ్మిదెకరాలున్నాయి. అందులో వరికన్నా ఊదే ఎత్తు. వరి ఇంకా పాలు పోసుకుంటుండగానే అది వెన్ను తీసి గింజ కట్టేసింది. ఇంకో వారానికి రాలుతుంది. కాలువ నీళ్లు రెడ్డి మడి దాటుకునే దీవెనమ్మ మడిలోకి రావాలి. నీళ్లతో ఆ గింజా వస్తుంది. మందుకు చావని ఊద అది. ఒకసారి దిగిందంటే ఎకరా పాడైనట్టే. పదకొండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకున్న పట్టా. దీవెనమ్మకూ మొగుడు మోషేకూ అది తప్ప ఇంకేమీ లేదు.

అది మందుకు ఎందుకు చావదో కూడా చెప్పాలి. ఆ ఊరివాళ్లు పోయే మందుల అంగళ్లు ప్రొద్దుటూరులో రెండు. ఒకటి బయపురెడ్డి పార్టీవాడిది, రెండోది ఎదుటి పార్టీ శేషారెడ్డి మనిషిది. టీ హోటలు, క్షవరం కూడా ఆ రోజుల్లో అట్లా పంచుకున్నవే. బయపురెడ్డి తనవాడి అంగట్లో దొరికే ఒకే ఒక్క కలుపు మందును ఏడేళ్లు వరసగా కొట్టాడు. మొదట్లో కలుపంతా మాడిపోయింది. కలుపు తీసే ఆడవాళ్లను పిలవడం మానేశాడు. తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి బతికింది. బతికిందే గింజ వేసింది. వ్యవసాయ ఆఫీసరు వచ్చి మందు మార్చమని మొత్తుకున్నాడు. ఆ రెండో మందు ఉండేది ఎదుటివాడి అంగట్లో.

"ఆ అంగడి మెట్టెక్కితే నా మీసం గొరిగించుకున్నట్టే" అన్నాడు రెడ్డి. అదే మందు రెట్టింపు కొట్టాడు. ఊద ఇంకా బలిసింది.

దీవెనమ్మ రెడ్డి వీధికి పోలేదు. గట్టు మీదే ఆయన్ను పట్టుకుంది. ఆయన వెనక నలుగురు మనుషులు.

"ఏమ్మే, నా మడి సూసి నవ్వి రమ్మని శేషారెడ్డి పంపినాడా?"

"నవ్వేదానికి తీరిక ల్యా రెడ్డీ. వారంలో ఇది రాలతాది. మా ఆడోళ్లం దిగుతాం. వెన్ను కోసి, దుబ్బు పీకి, మోసకపోయి రోడ్డు పక్కన కాలబెడతాం. కూలి మాత్రం ఇయ్యాల్సిందే."

"నా మడిలో మీ పల్లె ఆడోళ్లా?"

"మీ ఆడోళ్లు యాడుండారు? మందు కొట్టి సగం మందిని చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీకి, సగం మందిని పులివెందుల చీనీ తోటలకు తోలితివి కదా."

వెనకున్నవాళ్లలో ఒకడు నవ్వబోయి దగ్గాడు.

"నా మొగుని చెయ్యి తీసినోళ్ల మడిలో దిగేది నాకేం పండగ కాదు" అంది దీవెనమ్మ. "నీ గింజ నా మడిలోకొస్తాది. అందుకు."

మూడేళ్ల కింద ఎలక్షన్లలో మోషే శేషారెడ్డి తరఫున పోలింగు బూత్ దగ్గర నిలబడ్డాడు. బయపురెడ్డి మనుషులు వేసిన బాంబుకు కుడిచెయ్యి నుజ్జయింది. జమ్మలమడుగు ఆస్పత్రిలో మణికట్టు దాకా తీసేశారు.

రెడ్డి ఒక వెన్ను తెంపి అరచేతిలో నలిపాడు. గింజ ముదిరింది.

"తెల్లారి రాండి. ఆడోళ్ల జోలికి మావోళ్లు రారు."

అది రెండు పార్టీలూ పాటించే కట్టుబాటు. కత్తులు మగవాళ్ల వరకే. పైరు సంగతి అందులో లేదు.

సాయంత్రానికి సుందరి వచ్చింది. దీవెనమ్మతో కలిసి కలుపుకు పోయే మనిషి.

"అక్కా, మేము రాము. శేషారెడ్డి మా ఇంటాయన్ను పిలిపించినాడు. వాని మడిలో దిగినోళ్లు మన పల్లెలో ఉండాల్సిన పని ల్యా అన్నాడంట."

"కలుపు పీకేదానికీ పార్టీ పర్మిషనా?"

"మోషన్న చెయ్యన్నా గుర్తుకు రాల్యా నీకు?"

వాకిట్లో ఎడమచేత్తో బీడీ ముట్టించుకోవడానికి తంటాలు పడుతున్న మోషే తలెత్తాడు. "నా చెయ్యి మాట ఎవురూ ఎత్తాకండి. చెయ్యి పోయినాక శేషారెడ్డి రెండు సార్లు వచ్చె. అరటిపండ్లు తెచ్చె. పండ్లు బాగుండె. మడి సంగతి మా ఇద్దురిది."

పొద్దున గురమ్మ ఒక్కతే వచ్చింది. కలుపు గుంపులో అందరికన్నా పెద్దది, డెబ్భై దాటిన మనిషి. "నన్ను పల్లెలోంచి తోల్తారంట. ఎట్లాగూ పోయేదాన్నే కదే, ఆ శ్రమేదో వాళ్లే పడనీ" అంది.

ఇద్దరు ఆడవాళ్లు, తొమ్మిదెకరాలు. అయ్యే పని కాదు. అందుకే నీళ్లు దీవెనమ్మ మడిలోకి దిగే వైపు నుంచి మొదలుపెట్టారు. వెన్నును గోనెసంచిలోకి వంచి కొడవలితో కోయాలి, తర్వాత దుబ్బు పీకాలి. ఒక్క గింజ జారకూడదు. మోషే తన గట్టు మీద కూర్చున్నాడు. అవతలికి అడుగు పెట్టలేడు, కట్టుబాటు ఆడవాళ్లనే కాస్తుంది.

నాలుగు రోజులు గడిచాయి. ఎకరన్నర శుభ్రమైంది.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం శేషారెడ్డి ఎనుములు వచ్చాయి. ముప్పైకి పైగా గేదెలుంటాయి. తోలుకొచ్చినవాళ్లు ముఖాలకు గుడ్డలు కూడా కట్టుకోలేదు. దీవెనమ్మ మడిలోకి నేరుగా దించారు. మోషే ఎడమచేత్తో కట్టె పట్టుకుని అడ్డం పడ్డాడు.

"మోషన్నా, నువ్వు మనోడివి. నిన్నేం అనం. పక్కకు తప్పుకో" అని భుజం పట్టి బురదలో కూర్చోబెట్టారు.

దీవెనమ్మ గట్టు దాకా పరుగెత్తింది. పాలు పోసుకుంటున్న వరి. ఎనుములు నములుతుంటే ఆ తెల్లటి పాలు వాటి మూతుల వెంట కారుతున్నాయి. భుజం మీద సంచి నిండా ఊద వెన్నులు. ఈ సంచితో తన మడిలో దిగితే గింజ చిందుతుంది. దించిపోయినా ముప్పై ఎనుములకు తనొక్కతే ఎంత? నాలుగు వేళ్ల ఎత్తు కూడా మిగలడం లేదు. వెనక్కి తిరిగింది.

"ఇంగెందుకే పీకేది?" గురమ్మ ఏడుస్తోంది.

"వచ్చే ఏడు నాటుకోవద్దా అత్తా? సంచి పట్టు."

అప్పుడొచ్చాడు బయపురెడ్డి, గట్టు దిగి, కోయని ఊదలోంచి అడ్డంగా. ముఖం వెలిగిపోతోంది.

"సూస్తివా మీ పార్టీ న్యాయం? నా పక్కకు రాండి. ఈ పైరు నష్టం నేను కట్టిస్తా. రేపు ఎలక్షన్లో మోషే నా పక్కన నిలబడితే సాలు."

దీవెనమ్మ ఆయన ముఖం చూడలేదు. ఆయన పంచె రాసుకున్న చోటల్లా వెన్నులు ఊగి, నీళ్లలో టపటపా గింజలు పడుతున్నాయి.

"ఆడే నిలబడు రెడ్డీ! కదలాక!"

"ఏందే?"

"గింజ రాలతాంది. పంచె పైకి కట్టు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కు పో. మెల్లిగా."

గట్టు మీద రెడ్డి మనుషులు చూస్తున్నారు. ఆయన పంచె మోకాళ్ల పైకి ఎత్తి కట్టుకున్నాడు. బురదలో తన అడుగుజాడలు వెతుక్కుంటూ ఒక్కో అడుగే వెనక్కి వేశాడు.

దీవెనమ్మ తర్వాతి దుబ్బు మీదికి వంగింది.