పేరు కత్తిరించిన ఫిల్ము

నేను ఒక స్కాన్ ఫిల్మును. విశాఖపట్నం వచ్చేనాటికి బొమ్మ లేని నీలి రేకును. పెట్టెలో నా పైనున్న రేకు మీద ఎవరిదో మోకాలు పడింది. నా మీద అమ్మాజీ తల పడింది, ఇరవై గళ్లలో ఇరవై ముక్కలుగా. ఎడమవైపు, మాట పుట్టే చోట, నిమ్మకాయంత తెల్లటి మచ్చ.

అమ్మాజీ బస్సు కండక్టరు. ఊరు టెక్కలి. ఆమె కథ నాకు తెలిసింది భర్త గౌరీశు వల్ల. అతను హాస్టల్లో వంటవాడు. నన్ను చంకలో పెట్టుకుని ఎక్కడ కూర్చుంటే అక్కడ, ఎవరూ అడక్కపోయినా, మొదటినుంచీ చెప్పేవాడు.

నాలుగేళ్ల కిందట ఆమె చిన్నపేగులో గడ్డ లేచిందట. పేగు గోడలో పుట్టే అరుదైన రకం. విశాఖ పెద్దాసుపత్రిలో కోసి తీసేశారు. మళ్లీ రాకుండా రోజూ ఒక మాత్ర, ఆరు నెలలకోసారి కడుపు స్కాన్ రాశారు. "మీ కడుపు అద్దంలా ఉందమ్మా" అనేవాడు పెద్ద డాక్టరు ప్రతిసారీ. అది నిజమే.

తర్వాత తలనొప్పులు వచ్చాయి. వెనకే మాటలు పోవడం మొదలైంది. ఒకరోజు బస్సు నరసన్నపేటలో ఆగితే, పన్నెండేళ్లుగా కేకేసిన ఆ పేరు నోటికి రాక అమ్మాజీ తలుపు దగ్గర అలాగే నిలబడిపోయింది. ప్రయాణికులు నవ్వారు. ఆమె కూడా నవ్వి, ఇంటికొచ్చి ఏడ్చింది.

"పేగు గడ్డ తలకు పోదయ్యా. టెన్షన్" అన్నాడు డాక్టరు. మొదటి నెల కళ్లద్దాలు రాశాడు, రెండో నెల బలం మాత్రలు. మూడో నెల గౌరీశు చేతులు కట్టుకుని అడిగాడు.

"తల కూడా ఓపాలి సూడండి బాబూ."

"డాక్టరు నువ్వా, నేనా?"

నాలుగో నెల ఆమె బస్సు మెట్టు మీంచి పడిపోయింది. అప్పుడు నన్ను తీశారు.

డాక్టరు నన్ను దీపానికి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. "వెయ్యిమందిలో ఒకరికి కూడా రాదిది" అన్నాడు. ఆ గొంతులో బాధ కోసం వెతికాను. వినిపించింది మాత్రం వెతుకుతున్నది దొరికినవాడి సంబరం. రోజూ వేసుకున్న మాత్ర కడుపును కాపాడిందనీ, మెదడు చుట్టూ గోడలాంటి కాపుదల ఉంటుందనీ, మందు దాన్ని సరిగ్గా దాటలేదనీ ఓపిగ్గా వివరించాడు.

"ఆ గోడ సంగతి తవరికి ముందే తెలుసా బాబూ?" అన్నాడు గౌరీశు.

"పుస్తకాల్లో ఉంటుందయ్యా."

గౌరీశు నన్ను కవరులో పెట్టి చంకలోకి తీసుకున్నాడు.

ఆపరేషన్ చేశారు. నన్ను అతని దగ్గర తీసుకుని, కేసు కాగితాలతో కలిపి ఆమె మంచానికి తగిలించారు. తలలోంచి తీసింది పేగులో పుట్టిన గడ్డ రకమేనని తేలింది. అమ్మాజీకి మాటలు తిరిగి రాలేదు. ఒకే ఒక్కటి మిగిలింది, "రైట్". గౌరీశు గంజి తాగిస్తే "రైట్" అనేది. నొప్పి ఎక్కడని అడిగినా "రైట్" అనేది. మంచం పక్కన అతను ఏడుస్తుంటే, అతని భుజం తట్టి అదే మాట అన్నది. యాభై రెండో రోజున చనిపోయింది.

నెల తర్వాత గౌరీశు నా కోసం ఆసుపత్రికి వచ్చాడు.

"మనిషే పోయాక ఫిల్మెందుకయ్యా?" అన్నాడు గుమాస్తా.

"నా ఆడదాని తలండి అది. నాకాడుండాలి."

గుమాస్తా బీరువా తెరవకుండానే దొరకలేదన్నాడు. అప్పటికి నేను ఆ పక్క గదిలోనే, పెద్ద డాక్టరు సంచిలో ఉన్నాను. రోగి గుట్టు కాపాడాలని అమ్మాజీ పేరున్న మూలను కత్తెరతో తీసేశాడు. ఆ విషయంలో ఆయన చాలా నియమం గలవాడు. చల్లటి హాలులో రెండు వందలమంది డాక్టర్లకు నన్ను చూపిస్తే చప్పట్లు కొట్టారు. ఆయనకు శాలువా కప్పారు.

ఇప్పుడు ఒక వైద్య కళాశాల మ్యూజియంలో, వెనక దీపం వెలిగే పెట్టెకు తగిలించి ఉన్నాను. కింద చీటీ అంటించారు: "స్త్రీ, 43 ఏళ్లు. పేగు గడ్డ మెదడుకు పాకిన అరుదైన కేసు. మాట తడబాటు పది రోజులుగా. వెంటనే గుర్తించి శస్త్రచికిత్స చేయడమైనది."

నిన్న ఒక విద్యార్థిని ఆ చీటీని రెండుసార్లు చదివింది.

"పది రోజుల్లోనే ఇంత పెరుగుతుందా సార్?"

"అరుదైన కేసు కదమ్మా" అన్నాడు మాస్టారు.

ఆ అమ్మాయి మరోసారి నావైపు చూసింది. తర్వాత నోటుబుక్కు తెరిచి, పది రోజులు అని రాసుకుంది.