రసాల చెట్టుకు ఆఖరి నోటీసు

మా ఇంటి ముందున్న చిన్నరసం మామిడి చెట్టు కాపు మానేసి మూడేళ్లయింది. నేను రిటైరై కూడా సరిగ్గా మూడేళ్లే. ఈ రెండింటికీ సంబంధం ఉందని అప్పట్లో ఎవరైనా అని ఉంటే, వాళ్లని బెంచీ ఎక్కించి నిలబెట్టేదాన్ని.

నా పేరు మెర్సీ. నూజివీడు దగ్గర ఒక హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు బయాలజీ చెప్పాను. ఆ చెట్టు నా మొదటి జీతంతో నర్సరీలో కొన్న అంటుమొక్క. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఆ బస్సు కండక్టరు మొక్కకి కూడా టిక్కెట్టు కొట్టాడు. తర్వాత నేను ఆయన్నే పెళ్లి చేసుకున్నాను. ఆయన పేరు జోజి. ఆ టిక్కెట్టు మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

నేను స్కూలుకి పరుగులు పెట్టే రోజుల్లో ఆ చెట్టుని ఎవరూ పట్టించుకోలేదు, అయినా విరగకాసింది. రిటైరయ్యాక నాకు తీరిక దొరికింది. పొద్దున రెండు బకెట్లు, సాయంత్రం రెండు బకెట్లు నీళ్లు పోశాను. బియ్యం కడిగిన నీళ్లూ దానికే. వాషింగ్ మెషిన్ పైపు కూడా దాని పాదులోకే తిప్పాను. ఆదివారాలు యూరియా. ఆకులు నిగనిగలాడుతూ గొడుగులా కమ్ముకున్నాయి. దారిన పోయేవాళ్లు ఆగి మెచ్చుకునేవారు. పూత మాత్రం ఒక్క రెమ్మ కూడా లేదు.

మా ప్రాంతంలో మామిడి కాయించడం తెలియనివాడు లేడు. ఒకాయన మానుకి ఇనప మేకు దిగ్గొట్టమన్నాడు. ఇంకొకాయన దిష్టి తగిలింది, పాత చెప్పు కట్టమన్నాడు. బాపులపాడులో ఉండే మా ఆడపడుచు దయామణి అయితే వాట్సాప్‌లో రోజుకో చిట్కా పంపేది. గుడ్డు పెంకులు వెయ్యమంది, కొబ్బరినీళ్లు చల్లమంది, చివరికి చెట్టుకి పాటలు వినిపించమంది. అన్నింటికీ నేను ఒకటే జవాబు పంపాను: "మొక్కకి కావలసింది నీరు, ఎరువు, ఎండ. మిగతావన్నీ అపోహలు." నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఇంతలో మా ఆయన హనుమాన్ జంక్షన్‌లో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. కారు గేటు లోపలికి రావాలంటే చెట్టు అడ్డం. నెల రోజులు దాన్ని రోడ్డు మీద ఎండలో పెట్టుకుని, అక్టోబరు ఆఖర్లో ఒకరోజు అన్నం తింటూ నోరు విప్పాడు.

"మెర్సీ, జనవరి నెలాఖరు దాకా చూస్తాను. అప్పటికి పూత రాకపోతే చెట్టు కొట్టించి రేకుల షెడ్డు వేయిస్తా."

"ఆకులు చూడండి ఎంత కళగా ఉన్నాయో" అన్నాను.

"ఆకులతో మామిడి తాండ్ర పోసుకోలేం కదా. జనవరి ముప్ఫై ఒకటి ఆఖరు స్టేజీ. అందరూ దిగాల్సిందే."

ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆయన ఒక మాట అన్నాడంటే నాకు భయం. ఆ చెట్టు పోతే నా మొదటి జీతం, నా పాతికేళ్ల వయసు, రెండూ వంటచెరుకు అయిపోయినట్టే. దాన్ని ఎలాగైనా దక్కించుకోవాలనుకున్నాను, ఎలాగో మాత్రం తెలియలేదు. తెలియక మర్నాటి నుంచి ఇంకో రెండు బకెట్లు పెంచాను.

చెట్టు కొట్టడానికి ఎంతవుతుందో అడుగుదామని మా ఆయన సాంబయ్యని పిలిపించాడు. సాంబయ్య యాభై ఏళ్లుగా మామిడి తోటల్లో పనిచేస్తున్న మనిషి. ఆయన చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, పాదులో మట్టి పిడికెడు తీసి నలిపి, నా వంక ఒక చూపు చూసి చేతులు దులుపుకున్నాడు.

"కొట్టొచ్చండి. కానీ రసాల చెట్టుని చెప్పాపెట్టకుండా కొట్టకూడదండి. ముందు ఒకసారి బెదిరించాలి."

"ఎవర్ని?" అన్నాను.

"చెట్టునండి టీచరమ్మ గారూ. కొట్టేవాళ్లొకరు గొడ్డలెత్తాలి, అడ్డపడేవాళ్లొకరు పూచీ పడాలి. మా తాతల కాడ్నుంచీ ఉన్నదే. అప్పుడు భయపడి పూస్తదండి."

చెట్టుకి చెవులుండవని, నాడీ వ్యవస్థ ఉండదని పదినిమిషాలు పాఠం చెప్పాను. సాంబయ్య వినయంగా చేతులు కట్టుకుని విన్నాడు. అయ్యాక, "మరి ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెట్టుకుందామాండి" అన్నాడు. నా దగ్గర వేరే దారి లేదు. సరే అన్నాను, సిగ్గుతో.

నవంబరు మొదటి ఆదివారం. గేటు దగ్గర అప్పటికే పదిమంది మూగారు. దయామణి ఫోన్‌తో వీడియో తీస్తోంది. సాంబయ్య మా ఆయన చేతికి గొడ్డలిచ్చి, బెదిరించమన్నాడు.

మా ఆయన ముప్ఫై నాలుగేళ్లు ప్రయాణికులతో గౌరవంగా మెలిగిన మనిషి. గొంతు సవరించుకుని చెట్టుతో అన్నాడు: "చూడండి. మూడేళ్ల నుంచి మీరు కాయడం లేదు. ఇలా అయితే కష్టమండి."

"చెట్టుకి అండీ ఏంటండీ అయ్యగారూ, అట్టా అయితే అదేం భయపడుద్ది" అన్నాడు సాంబయ్య.

మా ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. "ఇదిగో, కాస్తావా, దిగుతావా?" అంటూ గొడ్డలి ఎత్తాడు. ఇక నా వంతు. 'ఆగండి, ఈ ఏడు కాస్తుంది, పూచీ నాది' అనాలి. నేను హాజరు పిలిచినట్టు ఆ మూడు ముక్కలూ గడగడా చదివేశాను. సాంబయ్య పెదవి విరిచాడు.

"టీచరమ్మ గారు మనసు పెట్టట్లేదండి. ఇంకోసారి ఎత్తండి."

రెండోసారి ఎత్తినప్పుడు చెమట చేతుల్లోంచి గొడ్డలి జారింది. చెట్టు మొదట్లో అరచెయ్యంత బెరడు ఎగిరిపడి, లోపల తెల్లగా కనిపించింది. అది చూసి నేనేం చేశానో నాకు తెలియదు, తర్వాత వీడియోలో చూశాను. రెండు చేతులా చెట్టుని కరుచుకున్నాను. "కొట్టకండి, దీన్ని కొట్టకండి, ఈ ఒక్క ఏడు చూడండి, ఇది మంచిది, నేనే సరిగ్గా చూసుకోవట్లేదేమో" అని ఏడ్చేశాను. కొత్త పట్టుచీరకి జిగురంతా అంటింది. మా ఆయన గొడ్డలి కింద పడేసి నిజంగానే బెదిరిపోయాడు. సాంబయ్య ఒక్కడే తృప్తిగా తలూపాడు.

"ఇప్పుడు కుదిరిందండి. ఇక నలభై రోజులు దీని దగ్గరికి ఎవరూ పోకూడదు. నీళ్లు పోస్తే ఇదంతా ఉత్తుత్తిదే అనుకుద్దండి. ఒక్క చెంబు కూడా వద్దు."

పోతూ పోతూ వాషింగ్ మెషిన్ పైపు తీసి అరటి చెట్ల వైపు తిప్పేశాడు.

ఆ నలభై రోజులు నేను పడ్డ బాధ పరీక్షలప్పుడు మా పదో తరగతి పిల్లలు కూడా పడలేదు. నేల నెర్రెలిచ్చింది. ఆకులు కాస్త వాడినట్టు కనిపించాయి. పదకొండో రోజున కొంగు చాటున చెంబు పట్టుకుని బయటికి వచ్చాను. చెట్టుకి మూడు గజాల దూరంలో మా ఆయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఆ చెంబు ఏంటి?"

"తాగడానికి."

"అయితే తాగు."

చెంబెడు నీళ్లూ నిలబడి తాగాను. చెట్టు చూస్తూ ఉంది.

దయామణి మాత్రం నేను అడ్డు రాలేనని కనిపెట్టి మా ఇంట్లోనే దిగిపోయింది. చేతిలో నీళ్లు లేవు కాబట్టి మా ఆయన ఆపలేదు. కొమ్మకి పాత చెప్పు కట్టింది. రోజూ సాయంత్రం ఫోన్‌లో కీర్తనలు పెట్టి గోడ మీద నిలబెట్టింది. క్రిస్మస్‌కి అదే చెట్టుకి నక్షత్రం కూడా వేలాడదీశాం. చెప్పు, నక్షత్రం పక్కపక్కనే ఊగాయి. నలభై రోజులు నిండినా, పూత వచ్చేదాకా ఒక్క చెంబూ వద్దని మా ఆయన కుర్చీ తియ్యలేదు.

జనవరి రెండో వారంలో ఒక పొద్దున వాకిలి తీసేసరికి తేనె వాసన కొట్టింది. తూర్పు కొమ్మలన్నీ పూత. మధ్యాహ్నానికి వీధంతా వచ్చి చూసి వెళ్లింది. నాకు సంతోషంతో మాట రాలేదు. మిగతావాళ్లకి బాగానే వచ్చింది. కీర్తనల వల్ల అని దయామణి అంది. తన బెదిరింపు వల్లేనని మా ఆయన మీసం దువ్వాడు. మూడేళ్లు నేను వేసిన ఎరువు ఇప్పటికి పనిచేసిందని నేను తేల్చాను.

ఆ వారమే హారిక వచ్చింది. హారిక నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు మా మండలంలో ఉద్యానశాఖ ఉద్యోగం చేస్తోంది. మా వాదనలన్నీ ఓపిగ్గా విని, ఒకప్పుడు నేను అడిగినట్టే నన్ను అడగడం మొదలుపెట్టింది.

"చెప్పు కడితే చెట్టులో ఏం మారుతుంది మేడం?"

"ఏమీ మారదు."

"పాటకి?"

"ఏమీ లేదు."

"నీళ్లు ఎప్పుడు ఆపారు?"

"నవంబరు మొదట్లో."

"అంతకుముందు చలికాలాల్లో?"

"రోజూ పోసేదాన్ని" అన్నాను. అంటుండగానే వాషింగ్ మెషిన్ పైపు గుర్తొచ్చింది.

"మామిడికి పూత ముందు రెండు మూడు నెలలు నేల ఆరాలి మేడం. నీళ్లు, యూరియా అందుతుంటే అది చిగుర్లు వేసుకుంటూ కూర్చుంటుంది. ఎండిన నేలా చలీ తగిలితేనే పూతకి తిరుగుతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ నీళ్లు పెట్టుకోవచ్చు. తోటల్లో అందరూ ఇలాగే చేస్తారు కదా."

చేస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ తోటల మధ్య నుంచే స్కూలుకి నడిచాను. వేళ్లు నీటిని ఎలా పీలుస్తాయో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. ఎప్పుడు పీల్చకూడదో పుస్తకంలో లేదు, నేను కిటికీలోంచి చూడలేదు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. మా ఆయన కాఫీ గ్లాసు వెనక నవ్వుకున్నాడు.

హారిక అంతటితో వదల్లేదు. ఫిబ్రవరిలో రైతుల మీటింగు ఉందని, మామిడి మీద అపోహలు, నిజాలు నన్నే చెప్పమని అడిగింది. నేను చెప్పనన్నాను. "మీరు చెబితేనే వింటారు మేడం" అంది. అంతమందిలో నా తప్పు నేనే చదువుకోవాలా అని వారం రోజులు కుమిలిపోయాను. చివరికి చెట్టు మొహం చూసి ఒప్పుకున్నాను. అప్పటికి దానికి గోళీలంత పిందెలు.

షామియానా కింద డెబ్భై మంది దాకా ఉన్నారు. ముందు వరుసలో సాంబయ్య. మేకు, చెప్పు, పాట, గుడ్డు పెంకులు, ఒక్కొక్కటీ దులిపేశాను. గొడ్డలి కూడా మూఢనమ్మకమేనని చెప్పాను. ఆఖరుది చెప్పడానికి ముందు మంచినీళ్లు తాగాను.

"ఇంకో అపోహ. చెట్టుని ప్రేమిస్తే రోజూ నీళ్లు పోయాలని. ఇది మాత్రం మీ ఎవరిదీ కాదు, నాది. బయాలజీ చదివి మరీ మూడేళ్లు నా చెట్టుని నేనే గొడ్రాలిని చేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదే."

నవ్వుతారనుకున్నాను. నవ్వారు కూడా. నవ్వులు తగ్గాక సాంబయ్య లేచి నిలబడ్డాడు.

"ఒక్క మాటండి టీచరమ్మ గారూ. ఆ రోజు నేను మట్టి నలిపి, అమ్మా నీళ్లు ఆపండి అని ఉత్తినే చెప్పి ఉంటే మీరు ఆపేవారాండి?"

నేను నిజం చెప్పాను. "ఆపేదాన్ని కాదు. నీకు పాఠం చెప్పేదాన్ని."

"అందుకేనండి. గొడ్డలి చెట్టుకి కాదండి. చెట్టు గలవాళ్లకి" అని చెప్పి కూర్చున్నాడు.

ఆ ఏడు నాలుగు వందల కాయ కాసింది. మొదటి బుట్ట సాంబయ్య ఇంటికి నేనే మోసుకెళ్లి ఇచ్చాను. కారు ఇంకా రోడ్డు మీదే ఉంది, దానికో గుడ్డ కప్పాం. మళ్లీ అక్టోబరు రాగానే మా ఆయన అడక్కుండానే గొడ్డలి తెచ్చి వరండా గోడకి తగిలించాడు. అక్కడ తగిలిస్తే చెట్టుకి కనిపించదు కదా అన్నాను. ఆయన నా కుర్చీ జరిపి, సరిగ్గా గొడ్డలికి ఎదురుగా వేశాడు.